నాలుగో పలక

విశాలాక్షి తెచ్చిన మూడు ఇనుప పలకల్ని పూర్ణిమ బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి అరగంట చూసింది. యూనివర్సిటీ మ్యూజియం చూసేది పూర్ణిమే. ముప్పై ఏళ్ల కిందట తార్నాక బడిలో విశాలాక్షి దగ్గరే చరిత్ర పాఠాలు విన్నది.

"ఏమనుకోకండి టీచర్. ఇవి ఏ నాటకాల కంపెనీవో అయ్యుంటాయి."

అవి చార్ ఐనా అని పదకొండేళ్లుగా విశాలాక్షి అందరికీ చెబుతోంది. గుర్రపు రౌతు ఇనుప రింగులతో అల్లిన చొక్కా తొడిగి, దాని మీద నాలుగు పలకలు కట్టుకునేవాడు. రొమ్ముకొకటి, వీపుకొకటి, చంకల కింద రెండు. ఆమె దగ్గర ఒక చంక పలక లేదు.

"వెనక చుక్కలున్నాయి కదమ్మా. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు, దీనికి నాలుగు. జత కలపడానికి చేసినవాడు కొట్టిన గుర్తులు."

"చుక్కలు ఎవరైనా కొడతారు. ముందువైపు చూడండి, అన్నీ గీతలే. పాతవనిపించాలని గరుకు కాగితంతో రుద్దుతారు. ఐదింటికి ఎగ్జిబిషన్ లిస్టు పంపాలి టీచర్. రుజువు లేకుండా ఎట్లా రాయను?"

ఆ గీతల్లో కొన్ని ఎవరు పెట్టారో విశాలాక్షికి తెలుసు. ఆ పలకను బోర్లా తిప్పింది.

"పోనీ, అమ్మినవాడికి ఎక్కడివట?"

ఆ మాట విశాలాక్షి, పలకలమ్మిన ఎంకన్నను ఎన్నడూ అడగలేదు. కొన్ననాడు అడిగితే రేటు పెంచుతాడని భయం. తర్వాత అడగాలని తోచలేదు. ఇప్పుడు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఎంకన్నది ఆమె ఉండే వీధి చివర పాత ఇనుప సామాను కొట్టు.

"గవా? మీ యూనివర్సిటీ వర్క్‌షాప్ తుక్కు వేలంల వచ్చినయమ్మా. నాలుగుండె. ఒకటి ఇయ్యం అన్నరు."

"ఎందుకని?"

"దేవుని కాడ పెట్టుకున్నరంట."

విశాలాక్షి పలకల్ని దిండు గలీబులో వేసుకుని చెప్పులు తొడిగింది. గంట మూడున్నర. దారిలో పూర్ణిమే వెనకబడింది.

"మెల్లగా టీచర్. మీ మోకాళ్లు."

"మోకాళ్లు నావి. నీకెందుకు?"

వర్క్‌షాప్‌లో లేత్ మిషన్ల వెనక గోడకు అర ఉంది. అరలో దేవుడి పటం, పటం ముందు పసుపు కుంకుమలతో వేలెడు మందం కట్టిన పలక. దాని పై అంచున అర్ధచంద్రాకారంలో కోత. చెయ్యి ఆడటానికి పెట్టిన కోత అది. విశాలాక్షి గడపలోంచే గుర్తుపట్టింది.

"గీ సందుల టెంకాయ కుదురుగ కూసుంటది," అన్నాడు ఫోర్‌మన్ కొమురెల్లి. "అందుకే గిదొక్కటి ఉంచుకున్నం. మా నాయిన గీడ పనిచేసిన కాడి నుంచి దసరాకు మిషన్లతోటి దీనికీ పూజనే. కుంకుమ పెట్టినదాన్ని తుక్కుకేస్తమా?"

అతనే తీసి వెనక్కి తిప్పాడు. తుప్పులో మూడు చుక్కలు. పూర్ణిమ రెండుసార్లు లెక్కపెట్టింది.

"ముందువైపు కూడా చూడాలి."

"పసుపు కుంకుమ గీకుతరా మేడం?"

"గీకొద్దు నాయనా," అంది విశాలాక్షి. "కొబ్బరినూనెతో నువ్వే తుడువు. ఆ మూల, రూపాయి బిళ్లంత మేర. చింతపండు మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

"చింతపండు మాటెందుకొచ్చింది టీచర్?"

విశాలాక్షి పలకనే చూస్తోంది. గుడ్డ మూడుసార్లు ఎర్రబడింది. నాలుగోసారి సన్నగా పచ్చటి గీత కనబడింది.

"పసుపు ఇంక పోలే," అని కొమురెల్లి మళ్లీ తుడిచాడు. పోలేదు. మళ్లీ తుడిచాడు. మెరిసింది.

పూర్ణిమ భూతద్దం పెట్టింది. బంగారు తీగతో వేసిన ఆకు. గలీబులోంచి రెండో చంక పలక లాగి, అదే మూల వెతికింది. అడ్డంగా, నిలువుగా సన్నని గంట్లు, ఆకు ఆకారంలో.

"బంగారం పట్టుకోవాలని ఇనుము మీద ముందు ఇట్లా గంట్లు పెడతారు టీచర్. నేను గరుకు కాగితం అనుకున్నా. ఇవి నాలుగూ ఒక్క రౌతువే." ఆమె మిగతా రెండు పలకల్నీ బయటికి తీసి చూసింది. "మరి మీ మూడింటి బంగారం ఏమైంది?"

"నేనే. కొన్ననాడే చింతపండు, ఇటుకపొడి పెట్టి ఇత్తడి బిందెల్లా తోమాను. నీళ్లు పసుపుపచ్చగా వస్తుంటే మురికి వదులుతోందని సంబరపడ్డాను కూడా."

కొమురెల్లి నవ్వాపుకోలేక లేత్ వైపు తిరిగాడు. పూర్ణిమ అక్కడే స్టూల్ మీద కూర్చుని లిస్టులో రాసింది: చార్ ఐనా, పలకలు నాలుగు. కింద మూడింటి బంగారం ఎలా పోయిందో రాయబోయి ఆగింది.

"రాయమ్మా," అంది విశాలాక్షి. "చింతపండని కూడా రాయి. ఇంకొకరు తోమకుండా ఉంటారు."

గంట నాలుగూ నలభై. కొమురెల్లి పలకను కొత్త గుడ్డలో చుట్టాడు గానీ చేతికివ్వలేదు.

"దసరాకు మాది మాకియ్యాలె."

"ఎగ్జిబిషన్ డిసెంబరు దాకా ఉంది," అంది పూర్ణిమ.

"ఆ ఒక్కపూట నాలుగూ ఇక్కడికే వస్తాయి," అంది విశాలాక్షి. "నేనే పట్టుకొస్తాను."

కొమురెల్లి మూటను ఆమె చేతుల్లో పెట్టాడు.

"తేండ్రి అమ్మా. గని తోముకొని తేకుండ్రి."