కింది ఫ్లాట్ చీపురుకర్ర

కిరణ్మయి కుడిపాదం చెప్పిన మాట వినడం మానేసి ఏడాది దాటింది. ఇంగ్లండులో, ఆమె ఉండే లీసెస్టర్‌లో మంచు కురిసిన రోజు బస్సు దిగుతూ జారిపడింది. మోకాలి కీలు తప్పింది, దాని పక్కనున్న నరం పాడైంది. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారన్నారు హాస్పిటల్లో. పేరేదైతేనేం, అడుగేసినప్పుడల్లా పాదం వేలాడిపోయి టప్‌మని నేలను కొట్టేది. బయటికెళ్తే స్ప్లింట్ వేసుకునేది గానీ, ఇంట్లో కూడా ఆ ప్లాస్టిక్ బిగింపు ఎవరు భరిస్తారు?

ఆ చప్పుడు కింది ఫ్లాట్ సులోచన ఆంటీకి గిట్టదని కిరణ్మయికి రూఢి అయిపోయింది. గుజరాతీ ఆవిడ, ఒంటరి మనిషి, మోకాళ్ళ నొప్పులు. పైన కిరణ్మయి లేచి కెటిల్ దగ్గరికి నడిస్తే చాలు, కిందనుంచి చీపురుకర్రతో సీలింగ్ మీద ఠక్ ఠక్‌మని పొడిచేది. కిరణ్మయికి ఒళ్ళు మండేది, ఆనక సిగ్గేసేది. మనిషన్నాక లేచి నీళ్ళు తాగొద్దూ? ఆవిడ గేటు దగ్గర కనిపిస్తే తలొంచుకుని పోయేది. సొంత ఇంట్లో దొంగలా మునివేళ్ళ మీద నడుద్దామన్నా ఆ పాదం సహకరించి చావదే!

అందుకే సర్జన్ ఆపరేషన్ మాటెత్తగానే సరేనంది. పాదాన్ని లోపలికి తిప్పే కండ బాగానే ఉంది, దాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్‌ని ఊడదీసి పాదం పైన కుడతాం, ఇక అదే పాదాన్ని ఎత్తాలి, ఎత్తుతుందని మాత్రం మాటివ్వలేను అన్నాడాయన. ఆ చప్పుడు పోతే చాలనుకుంది. స్లౌ అనే ఊరినుంచి స్నేహితురాలు అనూష వచ్చి నాలుగురోజులుండి వెళ్ళింది. తర్వాత కాలికి కట్టూ, ఊతకర్రలూ, ఫ్రీజర్లో సాంబారు డబ్బాలూ. ఊతకర్రల చప్పుడుకీ కిందనుంచి చీపురు పలికింది.

కట్టు విప్పాక అసలు తంటా మొదలైంది. ఎత్తమని ఎంత బతిమాలినా పాదం మొద్దులా పడుంది. ఆ కండకి తన చోటు మారిందని తెలీదు పాపం, దానికి తెలిసిన పాత పనే చెప్పండి, లోపలికి తిప్పమనండి, అంది ఫిజియో అమ్మాయి. వారాల తరబడి కిరణ్మయి ఆ కండకి అదే చెప్పింది. అది వింటేగా! అంతా వృథా అయిందని ఓ సాయంత్రం కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

ఓ ఆదివారం కంచం పట్టుకుని సోఫా మీద కూర్చుని, చిన్నప్పటి అలవాటుగా బాసింపట్టు వేద్దామని కాలు మడవబోయింది. పాదం కదిలింది. లోపలికి కాదు, పైకి. మళ్ళీ బాసింపట్టు తలుచుకుంది. మళ్ళీ లేచింది. కిరణ్మయికి ప్రాణం లేచొచ్చింది. గబగబా అనూషకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. అమ్మ ఉంటే అమ్మకి చేసేది. నంబర్లు పైకీ కిందికీ జరిపి జరిపి ఫోన్ పక్కన పడేసింది. ఇంత సంతోషం చెప్పుకోడానికి ఒక్క మనిషి లేదు, ఇదేం బతుకే అనిపించింది. చల్లారిన అన్నం అలాగే తినేసింది.

నెలలు గడిచి నడక కుదిరింది. ముందు మడమ, తర్వాత వేళ్ళు. చప్పుడు లేదు. ఆ రోజు చీపురూ పలకలేదు. గెలిచానని సంబరపడింది. మర్నాడు కూడా కింద ఉలుకూ పలుకూ లేదు. ఫ్రిజ్ మోత ఇంత గట్టిగా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీనే తెలీదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ చీపురు కోసం చెవులు రిక్కించి కూర్చుంది.

శనివారం పొద్దున ఎవరో తలుపు కొట్టారు. సులోచన ఆంటీ! చీపురుకర్ర ఊతంగా మెట్లెక్కొచ్చి ఆయాసపడుతోంది. కిరణ్మయిని ఎగాదిగా చూసి గోడకి చేరగిలబడింది.

"నీ అడుగు వినపడటం లేదు బేటా," అంది హిందీలో. "పడిపోయావేమో అనుకున్నా."

మరి ఇన్నాళ్ళూ విసుక్కుని సీలింగ్ పొడిచేవారు కదా అంది కిరణ్మయి. ఆవిడ తెల్లబోయింది.

"విసుగా? నువ్వున్నావని నాకు తెలిసేది. నేనూ ఉన్నానని నీకు చెప్పేదాన్ని."

కిరణ్మయి తలుపు బార్లా తీసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి టీ పెట్టింది.

మర్నాడు లేవగానే, బాగుపడిన ఆ పాదాన్ని ఎత్తి, కావాలనే టప్‌మని నేలకేసి కొట్టింది. కిందనుంచి చీపురు పలికింది. కళ్ళు తుడుచుకుని కెటిల్ దగ్గరికి నడిచింది.