బల్లెక్కిన టీచరమ్మ

ఆదివారం ఆ కొండమీది ఊరి హాల్లో సినిమా వేశారు. అందులో టీచరు మొదటి రోజే పుస్తకాన్ని కిటికీలోంచి విసిరేసి, బల్లెక్కి మాట్లాడింది. పిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. మర్నాటికల్లా మారిపోయారు.

సోమవారం, చదువురాని పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే బడిలో యోవానా టీచరు కూడా పుస్తకాలు మూయించి బల్లెక్కింది.

“కదుళ్ళు పక్కన పెట్టండి. నన్ను చూస్తూ మీ మనసులో మాట చెప్పండి.”

ఆ కొండల మీద ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండేది శవం దగ్గర కూర్చున్నప్పుడే. మిగతా వేళల్లో నడుస్తున్నా, పోట్లాడుతున్నా అల్పాకా అనే జంతువుల ఉన్ని వడుకుతూనే ఉంటారు. కదుళ్ళు కింద పెట్టగానే అందరి తలలూ వంగిపోయాయి.

“ఎవరు పోయారే?” అని ఇలారియా పక్కన కూర్చున్నామెతో గుసగుసలాడింది.

ఎవరూ నోరు విప్పలేదు. టీచరు పట్టు వదలక రోజూ బల్లెక్కింది. వారం తిరిగేసరికి బడి పలచబడింది. ఇంకో ఇద్దరు మానేస్తే తరగతి ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది. తరగతిలో అందరికంటే పెద్దదైన సతుర్నినాకి దిగులు పట్టుకుంది. ముసలితనంలో పట్టుకున్న అక్షరాలు, ఇంకా సగమే వచ్చాయి. ఇక్కడ ఆగితే అవీ జారిపోతాయి.

బడి అయ్యాక ఆమె ఒక్కతే ఉండిపోయింది. యోవానా బోర్డు తుడుస్తూ కళ్ళు కూడా తుడుచుకుంటోంది.

“నాకు చేతకాదు సతుర్నినమ్మా. సినిమాలో ఆవిడ ఒక్క మాటతో అందర్నీ మార్చేసింది.”

“ఆవిడ పాఠం చెప్పగా చూశారా టీచరమ్మా? ఒక్క అక్షరమైనా రెండోసారి చెప్పిందా? నాలాంటి మొద్దు దొరికుంటే తెలిసేది. మీరు నాకు ఒకే అక్షరం నెలంతా చెప్పారు. ఒక్కసారీ విసుక్కోలేదు. నేను వచ్చేది అందుకే.”

“మరి ఎవరూ మాట్లాడరేం?”

“చేయి ఆడకపోతే మాకు నోరాడదు. మీరేమో చావింట్లోలా కూర్చోబెట్టారు.”

“అయ్యో, ముందే చెప్పకూడదా!”

“బల్లెక్కినవాళ్ళకి కిందవాళ్ళ మాట వినబడుతుందా?”

ఏడుపులోనే యోవానాకి నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఇలారియా పెరట్లో, నిలవ చెయ్యడానికి మంచుకు ఆరేసిన బంగాళాదుంపల్ని నీరు పోయేలా కాళ్ళతో తొక్కుతోంది.

“మళ్ళీ బల్లెక్కరు కదా?”

“ఎక్కను. కదురు తెచ్చుకో. పాఠం చెప్తాను.”

“అయితే వస్తా.” ఇలారియా గొంతు తగ్గించింది. “సినిమా మాత్రం బాగుంది టీచరమ్మా. నేను ఏడ్చాను.”

“నేనూ ఏడ్చాను,” అంది యోవానా.

“పుస్తకం పారేసిన మనిషిని చూసి ఏడుపేంటి మీకు!” అంటూ సతుర్నినా పక్కింటి తలుపు కొట్టడానికి వెళ్ళిపోయింది.