ఫోన్లో లేని గడి

కర్ణాటకలోని బాగేపల్లి చుట్టుపక్కల సర్కారు బళ్ళన్నీ తిరిగి, పిల్లలకు చదువెంత వచ్చిందో పరీక్షించడం పురుషోత్తమ్ ఉద్యోగం. పుట్టింది చింతామణిలో, ఇంట్లో తెలుగే. బొమ్మ చూపించి అందులో ఏముందో చెప్పమనాలి. పిల్ల కన్నడంలో చెబితే ఫోన్లో టిక్కు కొట్టాలి.

ఆ పొద్దు ఆంధ్రా సరిహద్దు పల్లెలో, ఒకటో తరగతి భాను ముందు గొర్రెల మంద బొమ్మ పెట్టి కన్నడంలో అడిగాడు. పిల్ల ముఖం విప్పారింది.

"ఈ గొర్రె సూడిది సార్, కడుపుతో ఉండాది. నడవలేక యెనకబడిండాది. కుక్క దానికోసరం నిలబడుకోనుండాది. మా తాత గూడా అట్లే నిలబడతాడు."

నిజమే, మందలో ఒక గొర్రె వెనకబడే ఉంది. ఎన్నో బళ్ళలో అదే బొమ్మ చూపించాడు గానీ అతనెన్నడూ దాన్ని గమనించలేదు. ఫోన్లో రెండే గడులు: కన్నడంలో చెప్పింది, చెప్పలేదు. రెండోది నొక్కాడు.

టీచరు వినుత చూడనే చూసింది. "ఏం సార్, అంత చక్కగా చెప్పిందే! తల్లిభాషలో నేర్పించాలని చట్టంలోనే ఉండాది కదా?"

"వీలైనంత మటుకు అని గూడా ఉండాదమ్మా," అన్నాడు తలెత్తకుండా. "ఇది కన్నడ శాలె. తెలుగుకు గడి లేదు. నేనేం చేసేది?"

"తెలుగులో చెప్పి మెల్లగా కన్నడానికి తెస్తాండాను సార్. కొన్నాళ్ళు ఆగితే వాళ్ళే మాట్లాడతారు."

ఆగే అధికారం అతనికి లేదు. పిల్లలు వెనకబడ్డారని వినుతకు నోటీసు వచ్చింది. తెచ్చి ఇచ్చిందీ, సంతకం పెట్టించుకుందీ అతనే. ఆమె కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది.

దసరా సెలవుల తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఊరి వీధి బొమ్మ. పిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చి చేతులు కట్టుకుని ఒప్పజెప్పారు: "ఇదు మర. ఇదు మనె." ఇది చెట్టు, ఇది ఇల్లు. అంతే. భానూ అంతే చెప్పింది.

"ఇంకా ఏముందమ్మా?" తెలుగులోనే అడిగాడు.

పిల్ల బెదిరి వినుత వైపు చూసింది. వినుత కిటికీ వైపు తిరిగింది.

అందరికీ టిక్కులు కొట్టాడు.

బాగేపల్లి మీటింగులో ఆ బడి పేరు చదివి చప్పట్లు కొట్టించారు. పై అధికారి వెంకటేశప్పది గౌరిబిదనూరు, ఆయన ఇంట్లోనూ తెలుగే. మీటింగు ముగిశాక దగ్గరకొచ్చి తెలుగులో అన్నాడు: "మిగతా బళ్ళల్లో గూడా ఆయమ్మ చేసినట్లే చేయించప్పా."

"పిల్లోళ్ళు మాట్లాడేది నిలిపేసినారు సార్."

"తెలుసప్పా. మా మనవడు గూడా అంతే." ఇంకేదో అనబోయాడు. ఎవరో పిలవడంతో కన్నడంలోకి మారి వెళ్ళిపోయాడు.

మరుసటి పొద్దు పురుషోత్తమ్ ఫోన్ జేబులో వేసుకుని ఇంకో పల్లె దారి పట్టాడు.