ఈసారి ఎన్ని పడకలు?

మొన్న ప్రెస్సు గది ఖాళీ చేస్తూ టైపు అరలు ఒక్కొక్కటే బయటికి లాగుతుంటే, ఒక అర అడుగున పరిచిన అట్ట కింద మడతపెట్టిన కరపత్రం దొరికింది. విప్పగానే ఆ నవ్వు మొహం. ఇరవై ఏడేళ్ళయినా ఒక్క గీత చెరగలేదు. పెద్దనాన్న అచ్చువేస్తే అంతే మరి. ముందు తిట్టుకున్నాను, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత పని మానేసి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పెద్దనాన్న ప్రెస్సులో అక్షరాలు పేర్చేదాన్ని. ఎవరి మాటా పూర్తి కానివ్వనని ఆయన నన్ను ‘కామా’ అని పిలిచేవాడు. పెద్దమ్మ నర్సు. ప్రెస్సుకు ఎదురుగా ఉన్న రెండు గదుల డిస్పెన్సరీలో పనిచేసేది. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చినా వీధి వీధంతా నమ్ముకున్నది పెద్దమ్మనే. మా మిషను ఆగినప్పుడల్లా కిటికీలోంచి ఆవిడ గొంతు వినిపించేది. “నాలుక బయటపెట్టు. ఇంతేనా? మీ అత్తతో పోట్లాడేటప్పుడు ఇంకా పొడుగుంటుందే!”

ఆ డిస్పెన్సరీ మూసేస్తామన్నారు ‘ఇచ్చేస్తాం పార్టీ’ వాళ్ళు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఏం మాట్లాడినా చివర ‘ఇచ్చేస్తాం’ అనేవాళ్ళు కనుక జనం నోట అదే స్థిరపడింది. ఈసారి గెలిపిస్తే పెద్దాసుపత్రి ఇచ్చేస్తారట. ఇంక ఈ రెండు గదులెందుకట.

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అంది పెద్దమ్మ. కానీ నవ్వలేదు. “నన్నెక్కడికో బదిలీ చేస్తారు, అది కాదు నా బాధ. ఈ వీధిలో ఆరుగురు కడుపుతో ఉన్నారు. వాళ్ళనెవరు చూస్తారు?”

పెద్దనాన్న అంతవరకూ ఏ పార్టీ కాగితమైనా వేసేవాడు. ప్రెస్సుకు పక్షం ఉండకూడదనేవాడు. ఆ మాట విన్నాక లేచి, గోడకున్న ఇనుప ముల్లు దగ్గరికి వెళ్ళాడు. వేసిన ప్రతి పనిలో ఒక కాపీ దానికి గుచ్చి ఉంచడం ఆయన అలవాటు. అడుగునుంచి మూడు కరపత్రాలు లాగాడు. మూడు ఎన్నికల్లో ఆ పార్టీవే, మూడూ మా దగ్గర పడ్డవే. మొదటిదాంట్లో యాభై పడకల ఆసుపత్రి, రెండోదాంట్లో వంద, మూడోదాంట్లో రెండొందలు.

“పడకలు పిల్లల్ని పెడుతున్నాయి గానీ ఆసుపత్రే పుట్టలేదు” అన్నాను.

“మూడూ ఒకే కాగితం మీద వేసి ఇంటింటికీ పంచుదాం.”

“పైన ‘అబద్ధాలకోరులు’ అని పెడతాను.”

“తిట్లు అచ్చులో పెట్టకూడదు, కామా. వాళ్ళ మాటలు వాళ్ళకే అప్పజెబుదాం. జనానికి కళ్ళు లేవా?”

పైన వాళ్ళ నాయకుడి బొమ్మ ఉండాలి కదా. ఆ నవ్వు మొహం అచ్చువేసే పాత బ్లాకు మా దగ్గరే ఉంది. మొదటి ప్రూఫు మసకగా పడితే, “ఇలాగే ఉంచు, అచ్చం దొంగలా ఉన్నాడు” అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. “మనిషి ఎలాంటివాడైతేనేం, బ్లాకు ఏం పాపం చేసింది?” అని, దాని కింద కాగితం ముక్కలు అతికించి, ఎత్తు సరిచేసి, పూటంతా కూర్చుని తళతళలాడేలా దింపాడు. ఆ నాయకుడు బతుకులో అంత అందంగా ఎప్పుడూ లేడు. పడకల లెక్కలు లావు అక్షరాల్లో పెట్టాం. ఏ ఏడాది అన్నారో అది మాత్రం అన్నిటికన్నా చిన్న టైపులో పెట్టాం. తేదీ అంటే చిన్న టైపే, మా ప్రెస్సులో అది ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. అసలు సంగతంతా ఆ ఏడాదుల్లోనే ఉందని ఆయనకూ తట్టలేదు, పేర్చిన నాకూ తట్టలేదు.

నేనూ పెద్దమ్మా కాళ్ళరిగేలా తిరిగి పంచాం. వారం తిరిగేసరికి ఆ నవ్వు మొహం ప్రతి తలుపు మీదా ఉంది. జనం కత్తిరించి అంటించుకున్నారు!

“యాభై, వంద, రెండొందలు! మొత్తం మూడొందల యాభై పడకలటమ్మా!” అని బట్టలు కుట్టే ఆవిడ మాకే సంబరంగా చెప్పింది.

పార్టీ మనిషొకాయన వచ్చి పెద్దనాన్న చేతులు పట్టుకున్నాడు. “మామీద ఇంత అభిమానం ఉందని తెలీదండీ. ఇంకో రెండు వేలు వేసిపెట్టండి.”

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆ రోజు పెద్దనాన్న మొహం చూస్తే తెలిసేది. వాళ్ళు ఎప్పటికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. డిస్పెన్సరీకి తాళం పడింది.

పెద్దమ్మ బదిలీ వద్దని ఉద్యోగం మానేసి, ప్రెస్సు ముందుగదిలో బల్ల వేసుకుంది. జ్వరం చూసేది, కట్టు కట్టేది, ముదిరితే బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఆసుపత్రికి చీటీ రాసి పంపేది. ఆ చీటీలకు మిగిలిపోయిన మా కరపత్రాల కట్టే లాక్కుంది.

“అవెందుకే, సిగ్గుచేటు” అన్నాడు పెద్దనాన్న.

“వెనక తెల్లగానే ఉన్నాయి కదండీ” అంది.

అలా ఇల్లిల్లూ చేరాయవి. జ్వరం మనిషి పక్కన కూర్చున్నవాళ్ళకి చదువుకోవడానికి ఇంకేముంటుంది? అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి చిన్న టైపు కూడా చదివారు. తర్వాతి ఎన్నికలకి పార్టీవాళ్ళు మా వీధిలోకి వచ్చి ‘ఆసుపత్రి’ అని నోరు తెరిచారో లేదో, ఆ బట్టలు కుట్టే ఆవిడే చీటీ పైకెత్తి చూపించింది. “ఈసారి ఎన్ని పడకలండీ?”

వీధంతా ఒక్కసారి గొల్లుమంది. అంతే, వాళ్ళు అక్కడే ఓడిపోయారు. ఓట్లు లెక్కపెట్టడం తర్వాతి సంగతి. గెలిచినవాళ్ళు మూడు నెలల్లో డిస్పెన్సరీ తాళం తీశారు. ఆ నవ్వు వినడానికి పెద్దనాన్న లేడు. అంతకుముందు ఏడాదే పోయాడు. నా బాధంతా ఇప్పటికీ అదే.

స్టూలు మీద కూర్చుని, దొరికిన కాగితాన్ని వెనక్కి తిప్పాను. పెద్దమ్మ గుండ్రటి రాత. పెద్దనాన్నే దాన్ని అలా టైపు అర అడుగున దాచి ఉంటాడు.

‘పేరు: మా ఆయన. దగ్గు మూడు నెలల నుంచి. బరువు తగ్గారు. వెంటనే ఊపిరితిత్తుల ఫోటో తీయించాలి.’

దాని కింద వేరే సిరాతో ఇంకో రెండు ముక్కలు రాసింది.

‘ఎంత చెప్పినా బస్సెక్కనంటున్నారు. ఎదురుగా రెండొందల పడకలు వస్తున్నాయిగా, అందులో ఒకటి నాకు అట్టేపెట్టమన్నారు.’