కార్డు చూసి రాసిన సభ

కాలేజీ పత్రిక గది మెట్ల కింద ఉంది. ఒకప్పుడు చీపుర్లూ విరిగిన బల్లలూ పడేసుకున్న చోటు. ఎవరు మేడ ఎక్కినా దిగినా లోపల కూర్చున్నవాళ్ల నెత్తిమీద నడిచినట్టే ఉంటుంది. ఆ ఉదయం అడుగులు దిగి, ఆగి, తలుపు దగ్గరికే వచ్చాయి.

వచ్చినవాడు డ్రిల్లు మాస్టారు. ఈమధ్యనే రిటైరయ్యాడు. మెడలో ఈల మాత్రం ఇంకా రిటైరవలేదు.

"ఏమమ్మా, నేనెప్పుడు ఏడ్చాను?" అన్నాడు.

గదిలో ఉన్నది ముగ్గురు. పత్రికను చూసుకునే టీచరమ్మ, సంపాదకురాలు, లావుపాటి కళ్లజోడు వల్ల సోడాబుడ్డి అనిపించుకునే కుర్రాడు. టీచరమ్మ పెళ్లికాకముందు నుంచీ ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. ఈ పత్రికను ఈ ఏడే ఆమె చేతిలో పెట్టారు. సంపాదకురాలు ఆమెకు స్వయానా అన్న కూతురు. చదువు కోసం మేనత్త ఇంట్లోనే ఉంటుంది. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. ఇంట్లో "అత్తా" అని, కాలేజీ గేటు దాటగానే "మేడం" అని పిలవడం ఆ పిల్ల పెట్టుకున్న నియమం.

మాస్టారు పత్రిక విప్పి, దూరంగా పట్టుకుని చదివాడు. "'యాజమాన్యం చూపిన ఆదరణకు మాస్టారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో తనకు ఏ లోటూ జరగలేదని ఆయన గద్గద స్వరంతో అన్నారు.' గద్గదమంటే ఏంటో నాకు తెలియదు తల్లీ. నేను మైదానం ఈ చివర అరిస్తే ఆ చివర కాకులు లేచేవి. ఆ రోజు వీడ్కోలు సభలో నేను స్టేజీ మీద ఏం మాట్లాడానో మీలో ఒక్కరికైనా తెలుసా?"

పిల్లలిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు.

"మైకులో ఒకటి అరిచి, పేపర్లో ఇంకోటి రాయించుకున్నాడట అని మా వీధిలో నవ్వుతున్నారు. ఇన్నేళ్లూ నాకున్నది నా మాటొక్కటే. అదీ లేకుండా చేశారు." పత్రికను బల్లమీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

టీచరమ్మ తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. "చెప్పండి."

"ఎప్పుడూ అలాగే చేస్తాం మేడం," అంది పిడుగు. "సభ సాయంత్రం. పేజీలేమో ఆ మధ్యాహ్నానికే ప్రెస్సులో ఉండాలి. అందుకని ఆహ్వానం కార్డు చూసి ముందే రాసేస్తాం. సీనియర్లూ అంతే చేసేవాళ్లు."

"ఏ సభైనా ఒకటే కదా మేడం," అన్నాడు సోడాబుడ్డి. "పూలగుచ్ఛం ఇస్తారు, పొగుడుతారు, చప్పట్లు కొడతారు. పేర్లు మారతాయంతే."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సరే, రాశారు. తర్వాతైనా సభకి ఎవరు వెళ్లారు?"

ఎవరూ వెళ్లలేదు. రాసేశాక వెళ్లడం ఎందుకని.

టీచరమ్మకు వాళ్లమీద కోపం వచ్చింది. వచ్చిన కోపం సగం దారిలో తన వైపే తిరిగింది. ఆ పేజీ తనూ చూసింది. రెండు వాక్యాలు పొడుగ్గా ఉన్నాయని కుదించింది కూడా. దీన్ని ఎవరు చూశారు, ఎవరు విన్నారు అని అడగలేదు. "నేనూ అడగలేదు," అంది పైకే. "అందుకని సర్దుకుపోదామని కాదు. వచ్చే సంచికలో మొదటి పేజీ మీద సవరణ వెయ్యాలి. ఆయన నిజంగా ఏమన్నారో, మనం తప్పు ఎలా రాశామో, రెండూ."

"మొదటి పేజీ మీదా?" పిడుగు ముఖం ఎర్రబడింది. "వెనక పేజీలో, కింద మూల..."

"నడిబజార్లో తిట్టి, సందులోకి పిలిచి క్షమించమంటావా?"

"మరి సభల వార్తలు మేడం? ఇకనుంచి చూసే రాయాలంటే పక్షం తర్వాత గానీ రావు," అన్నాడు సోడాబుడ్డి. "పాచిపోయిన వార్త ఎవరు చదువుతారు?"

"పాచిది కాస్త నయం నాయనా. మీరు అసలు వండకుండానే వడ్డించారు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పిడుగు మెతుకులు లెక్కపెడుతూ కూర్చుంది. మామయ్య కాసేపు చూసి, "ఏమే, ఇవాళ పిడుగు పడదా? మబ్బులే కనిపిస్తున్నాయి," అన్నాడు.

"మీ ఆవిణ్ణే అడగండి మామయ్యా."

"ఆవిణ్ణి అడిగే ధైర్యముంటే నిన్నెందుకు అడుగుతాను?"

పిడుగు నవ్వలేదు. "అత్తా, ఆ వార్త కింద నా పేరుంది. సవరణ వేస్తే కాలేజీ అంతా నన్ను అబద్ధాలకోరు అంటుంది. ఊరికే ఉంటే ఆయనొక్కడికే కోపం."

పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించి, నా నోట నిజమే పలికించు తండ్రీ అని అడగడం టీచరమ్మకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పలికించడం ఆయన వంతే అనుకుందాం. వెళ్లి చూడటం కూడా ఆయనకే అప్పగిస్తే ఎలా? ఈ సందేహం ఆమెకు ఇన్నేళ్లూ ఎందుకు రాలేదో.

"ఆయనొక్కడు చాలడా?" అంది చివరికి.

పిడుగు కంచం తీసుకుని లేచింది. మర్నాడు అత్తకంటే ముందే కాలేజీకి బయల్దేరింది.

పని మొదలయ్యాక తెలిసింది, సభకు వెళ్లనివాళ్లకే సభ గురించి ఎక్కువ తెలుసని. మాస్టారు తిట్టాడని ఒకరు, మైకు విసిరేశాడని ఇంకొకరు. "నువ్వు అక్కడ కూర్చున్నావా?" అని టీచరమ్మ అడగమన్న ఒక్క ప్రశ్న అడిగేసరికి చాలామంది నీళ్లు నమిలారు. నిజంగా కూర్చున్నవాళ్లు కొద్దిమందే దొరికారు. ఆటల షెడ్డు గురించి ఏదో గట్టిగా అన్నాడని అందరూ ఒప్పుకున్నారు.

ఇక మాస్టారినే అడగాలి. టీచరమ్మ పిల్లల వెంట వెళ్లింది గానీ, "నేను నోరు విప్పను," అని ముందే చెప్పింది. మాస్టారు వాళ్లను వరండాలో కూర్చోబెట్టి, తను నిలబడే మాట్లాడాడు. కూర్చుని మాట్లాడటం ఆయనకు చేతకాదు.

"షెడ్డు కప్పు కారుతోందని ఎన్నేళ్లుగానో చెబుతున్నా, ఒక్క రేకు మార్చలేదన్నాను. తడినేల మీద జారి ఒక పిల్ల చెయ్యి విరిగిందన్నాను. నేను పోతున్నాను, ఇక మీరైనా అడగండి అన్నాను. ఏడవలేదు."

సోడాబుడ్డి దారిలోనే శీర్షిక కట్టేశాడు. "'కారే కప్పు, విరిగిన చెయ్యి.' ఎలా ఉంది మేడం?"

"బాగుంది. ఆ చెయ్యి చూశావా?"

"మాస్టారే చెప్పారుగా."

"మొన్న కార్డు చెప్పింది, ఇవాళ మాస్టారు చెప్పారు. నువ్వెప్పుడు చూస్తావు?"

ఆ పిల్ల హాస్టల్లో దొరికింది. "విరగలేదక్కా, బెణికింది," అని మణికట్టు తిప్పి చూపించింది. "కట్టు కట్టించుకున్నా. వానొస్తే మాత్రం ఆ షెడ్డులోకి వెళ్లను." అక్కడి నుంచి షెడ్డుకు వెళ్లారు. తలెత్తి చూస్తే కప్పుకు ఒకవైపు రేకులు తళతళలాడుతున్నాయి. రెండోవైపు తుప్పు, చిల్లులు, చిల్లుల్లోంచి ఎండ. పోయిన వానాకాలం ముందు ఒకవైపు మార్చారని, రెండోవైపు తర్వాత చేద్దామని ఆపేశారని స్టోర్సు గుమాస్తా చెప్పాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది పిడుగు.

"నువ్వు చెప్పు," అంది టీచరమ్మ.

మళ్లీ మాస్టారి వరండాకే వెళ్లారు. విషయం వినగానే ఆయన గొంతు పెరిగింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "నా తరఫున రాస్తామని వచ్చి నన్నే తప్పు పడతారా? పుండు మీద కారం చల్లడానికి వచ్చారా?"

టీచరమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసింది. పిడుగు తల దించుకుంది. అయిపోయింది, ఏడుస్తుంది అనుకుంది మేనత్త. పిల్ల ఏడవలేదు.

"మీ తరఫున కాదు మాస్టారూ. మీరన్నది మీరన్నట్టే రాస్తాం. దాని పక్కనే మేం చూసింది రాస్తాం. చూడకుండా రాసే కదా మొన్న మిమ్మల్ని ఏడిపించాం."

ఎదురింటి కిటికీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు అటు ఒక చూపు చూసేసరికి కిటికీ మూసుకుంది. ఆయన వరండా ఆ చివరిదాకా నడిచి తిరిగొచ్చాడు.

"రేకులు వేసినట్టు లీలగా గుర్తుంది," అన్నాడు మెల్లగా. "కోపంలో ఆ వైపు చూడటమే మానేశాను. రాయి. బెణికిందనే రాయి. గద్గదం మాత్రం మళ్లీ పెట్టావంటే ఊరుకోను."

ప్రెస్సుకు వెళ్లేముందు పేజీలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీదుగా వెళ్లాలి. ఆయన మంచివాడే. అందరితోనూ మంచివాడే కావడం వల్ల ఏ గోడ మీదైనా పిల్లిలా కూర్చోగలడు. మొదటి పేజీని రెండుసార్లు చదివాడు. రెండోసారి తప్పుల కోసం వెతుకుతూ చదివాడని టీచరమ్మకు తెలిసిపోయింది.

"చెయ్యి విరిగిందని రాసుంటే ఇక్కడే ఆపేసేవాణ్ణి," అన్నాడు. "ఒకవైపు మార్చామని కూడా వేశారు. కాదనడానికి లేదు. మిగతా సగానికి యాజమాన్య కమిటీతో నేను మాట్లాడతాను. కానీ ఈ వాక్యమెందుకమ్మా? 'ఆ వార్తను సభ జరగకముందే ఆహ్వానం కార్డు చూసి రాశాం.' పొరపాటున తప్పు పడింది అంటే సరిపోతుందిగా. మన పరువు మనమే బజారుకెక్కించుకోవడం ఎందుకు? ఇదొక్కటీ తీసెయ్యండి, ఇప్పుడే పంపిద్దాం. ఇది వేస్తే, అసలు ఈ పత్రిక అవసరమా అంటుంది కమిటీ. నేనేం చెప్పను?"

టీచరమ్మ మనసు ఒక్క క్షణం తూగింది. కప్పు వార్త వెళ్తుంది, మాస్టారి మాట ఆయనకు దక్కుతుంది, పిల్లలకు పత్రిక మిగులుతుంది. ఒక్క వాక్యం. ఇంత మేలు కోసం ఒక్క వాక్యం వదులుకుంటే దేవుడు మాత్రం తప్పుపడతాడా? ఆ ప్రశ్నకు జవాబు రాకముందే పక్కన కుర్చీ కిర్రుమంది. పిడుగు లేచి నిలబడింది.

"అది ఉండాలి సార్. తీసేస్తే కప్పు వార్త కూడా కూర్చున్నచోటే రాశామనుకుంటారు."

"నీ పేరు మీదే వెళ్తుంది. తెలుసా?"

"తెలుసు సార్. ఆ వార్తా నా పేరు మీదే వెళ్లింది."

"నేను ఒప్పుకోలేదు మరి."

"వద్దనలేదు కూడా సార్. వద్దంటే చెప్పండి. సవరణలోంచి ఒక వాక్యం ప్రిన్సిపాల్ గారు తీసేయమన్నారని వేస్తాం."

సోడాబుడ్డి చడీచప్పుడు లేకుండా పెన్ను మూత తీశాడు. ప్రిన్సిపాల్ ఆ పెన్ను వంక చూశాడు, తర్వాత టీచరమ్మ వంక. "మీ మేనకోడలేగా? బాగానే తయారుచేశారు. కమిటీ అడిగితే ఏం చెప్పమంటారు?"

"నా పేరు చెప్పండి," అంది టీచరమ్మ.

"పేజీ మీద ఉన్నది నా పేరు మేడం," అంది పిడుగు.

ఆయన పేజీలు సర్ది, బల్ల మీదుగా ఇటు తోశాడు. "తీసుకెళ్లండి. ప్రెస్సువాడు భోజనానికి లేచిపోతాడు." ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ముగ్గురూ రోడ్డెక్కారు. ఎండ చుర్రుమంటోంది. పేజీల కవరును పిడుగు రెండు చేతులతో పట్టుకుంది.

"మేడం, వచ్చే సంచిక ఉంటుందంటారా?" అన్నాడు సోడాబుడ్డి.

"తెలీదు. ఎల్లుండి పాత విద్యార్థుల సభ ఉందిగా. ముందు వరుసలో కూర్చో."

"దాని వార్త రాశాక పత్రికే లేకపోతే?"

"ముందు చూసిరారా బాబూ," అంది పిడుగు వెనక్కి తిరక్కుండానే. ఆ పిల్ల ఎంత వేగంగా నడుస్తోందంటే, ప్రెస్సు మలుపు దగ్గర మోకాళ్లు పట్టుకుని మేనత్త, "ఆగవే," అనాల్సి వచ్చింది.