గాజు బీరువా కాపలా

కాగితం పట్టీ మీద సంతకం పెట్టి, టైము వేసి, బీరువా తలుపుకూ చట్రానికీ కలిపి అంటించింది. నాలుగు మూలలూ గోటితో నొక్కింది. ఎవరు తలుపు తీసినా పట్టీ తెగాల్సిందే. ఇప్పటికి తాను లేనప్పుడు తెగిన ఐదు పట్టీలు ఆమె తెల్లకోటు జేబులో భద్రంగా ఉన్నాయి.

గాజు బీరువా లోపల ఒంటి వెచ్చదనం. మధ్యలో చిన్న గాజుగది, అందులో గుండెకు వేసే కవాటం. కరిగిపోయే సన్నటి వల మీద ఒక ఆరేళ్ళ పాప కణాలనే నాటి, ఆరు వారాలుగా పెంచుతున్నారు. పంపు గులాబీరంగు పోషకద్రవాన్ని గుండె కొట్టుకున్నట్టే తోస్తుంది. మొదట మెల్లగా, తర్వాత రోజురోజుకూ ఒత్తిడి పెంచుతూ, కవాటం మూడు రేకులకూ తెరుచుకోవడం, మూసుకోవడం నేర్పాలి. ద్రవం కాసేపు ఆగితే చాలు, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఎల్లుండి పాపకు ఆపరేషన్. ఈ రెండు రాత్రులూ కాపలా ఆమె ఒక్కతే.

ఇరవై ఆరేళ్ళ సర్వీసు. అందరూ ఆమెను డిటెక్టివమ్మ అంటారు. సీసా మూత నుంచి చేతితొడుగు దాకా దేన్నీ నమ్మదు. ఆమె అనుమానం పుణ్యమా అని ఇన్నేళ్ళలో ఒక్క కవాటానికీ బూజు పట్టలేదు. ఇంట్లోనూ అదే వరస. పొద్దున భర్త "టీవీ కాస్త తగ్గించవే, గోడలు అదిరిపోతున్నాయి" అన్నాడు. ఆయనే దొంగచాటుగా తగ్గించి, పైగా ఈ నాటకమొకటి అనుకుంది. కాలింగ్ బెల్‌లో బ్యాటరీ తీసేశాడని మూడుసార్లు విప్పి చూసింది. బ్యాటరీ ఉంది. అయినా ఆయన మీద అనుమానం పోలేదు.

ఇక్కడి అనుమానమంతా పక్కగదిలో పనిచేసే కొత్తావిడ మీద. చేరి మూడు నెలలైంది. నోరు తెరిస్తే అక్కా అక్కా అంటుంది. అంత మంచితనం డిటెక్టివమ్మకు పడదు. తాను ఎదురుగదిలో సీసాలు కడుక్కుంటుంటే ఈవిడ వచ్చి బీరువా తెరుస్తోంది. వేడి గీసే గ్రాఫులో ఆ పూట చిన్న గుంట పడుతోంది. ఎందుకు తెరుస్తున్నట్టు? తన పని చెడగొట్టి, కుర్చీ కాజేయాలనా?

ఈరోజు సీసాలు కడగడానికి వెళ్ళలేదు. బీరువాకు వీపు పెట్టి, రాసుకుంటున్నట్టు నటిస్తూ, ఎదుటి కిటికీ అద్దంలో కాపు కాసింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక కొత్తావిడ పరుగున వచ్చింది. ఏదో మీట నొక్కి, తలుపు లాగి, లోపలి గొట్టాన్ని వేలితో తట్టింది. ద్రవానికి అడ్డుపడ్డ గాలిబుడగ ఒకటి కదిలిపోయింది.

"దొరికావు! నిన్నెవరు తీయమన్నారమ్మా?"

"అలారం మోగింది కదక్కా."

"ఏ అలారం? ఇక్కడే కూర్చున్నాగా! నా చెవిలో పూలు పెట్టకు."

డిటెక్టివమ్మ విసవిసా వెళ్ళి అలారం పరీక్షించే మీట నొక్కి పట్టింది. ఎర్రదీపం మిణుకుమిణుకుమంది. చప్పుడు లేదు.

"చూశావా, మోగితే కదా!" అంటూ గెలిచినట్టు వెనక్కి తిరిగింది.

కొత్తావిడ రెండు చెవులూ గట్టిగా మూసుకుని ఉంది.

డిటెక్టివమ్మ వేలు మీట మీద నుంచి దానంతటదే జారింది. కుర్చీలో కూలబడింది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు. ఎదురుగదిలోనే ఉండి కూడా నువ్వు రాలేదు. రెండోసారికి అర్థమైంది. ఎలా చెప్పాలో తెలీక..."

"నా మీద జాలిపడి పసిదాని ప్రాణం మీదికి తెస్తావా? ఈ రాత్రి నేనొక్కదాన్నేగా ఇక్కడ!" అని కసిరింది. కసురుతూనే ఏడ్చేసింది. తాను తలవంచుకు రాసుకుంటుంటే వెనక ఆ దీపం మిణుకుమంటూ ఉండటం కళ్ళకు కట్టింది. ఇన్నేళ్ళలో ఒక్క తన చెవులనే అనుమానించలేదు.

ముఖం కడుక్కుని పెద్దడాక్టరు గదికి వెళ్ళింది. దొంగను పట్టుకోవాలని దాచిన ఐదు పట్టీలూ, ఇవాళ్టిదీ కలిపి బల్ల మీద పెట్టింది.

"ఆరుసార్లు మోగిందండీ. నాకొక్కసారీ వినపడలేదు. రాత్రి కాపలాకు ఇంకొకరిని వేయండి."

"చెవికి మిషన్ పెట్టుకోవచ్చమ్మా. పని మానేస్తారా ఏమిటి?"

"పాప గుండె దగ్గర 'అయినా ఫరవాలేదు' అనుకోలేనండీ" అంది.

తిరిగి వచ్చి తాళాలు కొత్తావిడ చేతిలో పెట్టింది. "నీ చెవులను కూడా నమ్మకు. దీపం కనబడేట్టు కూర్చో" అని చెప్పింది. తర్వాత రోజూ చేసినట్టే స్టెతస్కోప్ తగిలించుకుని, గాజుకు ఆనించి కళ్ళు మూసుకుంది. సన్నటి అలారం అందకపోయినా, పంపు బరువైన చప్పుడు ఇంకా అందుతోంది. మూడు రేకులూ ఒక్కసారే మూసుకుంటున్నాయి. పాపకు మంచి కవాటం కుదిరింది.

కోటు విప్పి మడతపెట్టింది. కాలింగ్ బెల్ సంగతి ఇంట్లో ఆయనకెలా చెప్పాలా అనుకుంటూ మెట్లు దిగింది.

బీరువా పిడికి వేలాడుతున్న స్టెతస్కోప్ పంపు కొట్టినప్పుడల్లా కొద్దిగా కదులుతోంది.