రావెన్‌బెక్ ధర్మపు ఇంటికి ఇద్దరు

రావెన్‌బెక్‌లో మిల్లు పని ఉన్నవాళ్ళకే ఇల్లు. పని మానేస్తే ఇల్లూ పోయినట్టే. ఊరు కట్టించిన పెద్ద దొర చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పాలి. వరసగా రాతి ఇళ్ళు, వెలుతురొచ్చే కిటికీలు, బడి, బట్టలుతుక్కునే చావడి, తోట, అన్నీ కట్టించాడు. సారాకొట్టు ఒక్కటే కట్టించలేదు. అయితే ఆ గోడల్లో ఒక్క రాయి కూడా అందులో ఉండేవాళ్ళది కాదు.

ఆ చలికాలం కెజయా మోకాళ్ళు ఇంక మావల్ల కాదనేశాయి. చిన్నపిల్లప్పుడు ఉన్ని మగ్గాల ముందు నిలబడ్డది, నిలబడ్డట్టే ముసలిదైపోయింది. పొద్దున్నే మిల్లు కూత వినపడితే మంచం మీదే కళ్ళు మండేవి. ఏడుద్దామంటే దానికీ ఓపిక లేదు.

పనిచేసి చేసి అరిగిపోయినవాళ్ళకి తోట పక్కన ధర్మపు ఇళ్ళున్నాయి. ఒంటరి మనిషికి ఇస్తారు, మొగుడూ పెళ్ళాలకి ఇస్తారు, ఒక కడుపున పుట్టినవాళ్ళకి ఇస్తారు. ఇంకెవరికీ ఇవ్వరు. కెజయాకి దొరుకుతుంది, అందులో అనుమానం లేదు. బెంగంతా టామర్ గురించే.

టామర్ పక్క మగ్గం మనిషి. ఇద్దరి మొగుళ్ళూ ఒకే జ్వరాల్లో పోతే, ఇద్దరూ ఒక పొయ్యి దగ్గరికి చేరారు. అప్పట్నుంచీ ఒకే టీ కెటిల్, ఒకే మంచం, ఒకే పోట్లాట. మగ్గాల మోతకి టామర్ చెవులు పూర్తిగా పోయాయి. మిల్లువాళ్ళు ఆవిణ్ణి ఎప్పుడో మాన్పించేశారు, కెజయా నీడన బతుకుతోంది. కెజయా ఒక్కతే ధర్మపు ఇంటికి పోతే టామర్‌కి పట్నంలో బీదలిల్లే గతి. అక్కడ జుట్టు కత్తిరించి, ముతక గౌను తొడిగి, చచ్చేదాకా పాత తాళ్ళని పీచుపీచుగా విప్పే పని చేయిస్తారు.

అందుకని కెజయా ధర్మపు ఇళ్ళకి పేర్లు రాసుకునే చర్చి పాస్టరుగారితో చెప్పేసింది, టామర్ నా చెల్లెలని. కాదని ఊరందరికీ తెలుసు. ఒక్కరు నోరెత్తితే ఒట్టు. తెలియందల్లా కొత్తగా వచ్చిన మేనేజరు ఇల్లింగ్‌వర్త్ దొరకే.

ఆ దొర ఒకరోజు భార్యని వెంటబెట్టుకుని వాళ్ళింటికి విచారణకొచ్చాడు. కొండలవతల నుంచి చేసుకొచ్చిన మనిషి ఆవిడ. పట్టు గౌను, చేతులకి తొడుగులు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"అక్కచెల్లెళ్ళంటున్నారు, ఒక్క పోలికా లేదే?" అన్నాడు దొర. నిజమే మరి, కెజయా మిల్లు పొగగొట్టమంత పొడుగు, టామర్ ఉన్ని మూటలా పొట్టి.

"మగ్గాల దగ్గర అరిగిపోయాం బాబుగారూ, పోలికలు ఎక్కడ మిగుల్తాయి?" అంది కెజయా.

మగ్గాల షెడ్డులో చెవిలో అరిచినా వినపడదు. అందుకని నేతపని ఆడవాళ్ళు గొంతు లేకుండా, పెదవులు సాగదీసి మాట్లాడుకుంటారు, కళ్ళతో వింటారు. టామర్‌తో ఇంట్లోనూ అదే మాట. దొరల ముందే దొరల్ని తిట్టుకోడానికి కూడా అదే మాట. కెజయా అలవాటుగా అటు తిరిగి పెదవులు కదిపింది: "అక్కచెల్లెళ్ళమా అంటున్నాడే. తల ఊపు."

"ఏ వైపు? అమ్మ వైపా, నాన్న వైపా?" టామర్ పెదవులు గబగబా ఆడాయి. "అబద్ధం ఆడేదానివి నాకు ముందే చెప్పొద్దటే, మొద్దుమొహమా?"

"నాన్న ఒక్కడే, అమ్మలు వేరు అను."

"నీలాంటి గాడిద తనకి పుట్టిందంటే మా నాన్న గోరీలోంచి లేచొస్తాడు."

నవ్వు దాచుకోడానికి మొహం తిప్పుకున్న కెజయాకి కిటికీ దగ్గర దొరసాని కనపడింది. ఆవిడ చూపు వాళ్ళ మొహాల మీద లేదు, నోళ్ళ మీద ఉంది. ఈ నోటి మీంచి ఆ నోటి మీదకి తిరుగుతోంది. మగ్గం మీద బతికిన మనిషి తప్ప ఇంకెవరూ అలా చూడరు.

అయిపోయింది, అనుకుంది కెజయా. భయం కూడా వెయ్యలేదు, కుర్చీలో కూలబడిపోయింది అంతే.

దొర టామర్ వైపు తిరిగాడు. "మీ నాన్న పేరేంటమ్మా?"

ఆయనకి పై పెదవీ కింది పెదవీ కప్పేసే మీసం. టామర్‌కి ఆ మీసం ఊగడం తప్ప ఏమీ కనపడలేదు. బిత్తరచూపులు చూసింది. చెబుదామంటే, దొరసాని చూస్తుండగా పెదవి కదిపే ధైర్యం కెజయాకి ఎక్కడుంది?

అప్పుడు మొగుడి వెనక నుంచి దొరసాని పెదవులు కదిలాయి, మెల్లిగా, సాగదీసి: "నాన్న పేరడుగుతున్నారు. ఆవిడ నాన్న పేరు చెప్పు."

"ఈనోక్!" అని అరిచింది టామర్, చెవిటిదాని గొంతుతో. అంతటితో ఊరుకుందా? "ఒట్టి తాగుబోతు!"

కెజయా వాళ్ళ నాన్న పాపం, చుక్క ముట్టని మనిషి. దొర మాత్రం పకపకా నవ్వేశాడు. కన్నతండ్రిని అలా ఎవరు అబద్ధానికి అంటారు? ఇల్లిస్తున్నాం పొమ్మన్నాడు.

ధర్మపు ఇంట్లో చేరాక ఓ ఆదివారం కెజయాకి తోటలో దొరసాని ఎదురైంది. దొర ముందు నడుస్తున్నాడు. కెజయా పెదవులతోనే అంది: "మీ మేలు మర్చిపోనమ్మా."

"మీ చెల్లెలు కులాసానా?" పైకి, అందరికీ వినపడేట్టు అడిగింది దొరసాని. ఆనక గొంతు లేకుండా అంది: "ఇంకెప్పుడూ నాతో ఇలా మాట్లాడకు. పంతులమ్మనని చెప్పి చేసుకున్నాను. ఆయనకి తెలీదు."

రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "ఎన్నేళ్ళయిందో, ఈ మాట మాట్లాడి," అన్నాయి పెదవులు. ఇంకా ఏదో అనబోయాయి. ఇంతలో దొర వెనక్కి చూశాడు. ఆవిడ వెళ్ళిపోయింది.

కెజయా కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి పొయ్యి దగ్గర చతికిలబడింది.

"దొరసాని ఏమందే?" అంది టామర్.

"నువ్వు కులాసానా అంది."

"అంతేనా? ఇంతసేపు ఏం చేశావ్? మీ నాన్నని తాగుబోతన్నానని ఇంకా కోపమా? ఇటు చూడవేం?"

రేపు కూతకి లేవక్కర్లేదు. అయినా ఒంట్లో అలసట ఎక్కడికీ పోలేదు, ఎముకల్లోనే కాపురం పెట్టేసింది. టామర్ పెదవులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. కెజయా కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఇంక ఆ మనిషి మాట వినక్కర్లేదు.